చెరువును బొంతగా కుట్టుట



ప్రాతచీరలను పొరలుగా పరచి బొంత కుట్టుట మన యిండ్లలో నెల్లర కెఱుకయే. ఆ బొంతయందే యొక ప్రకృతి దృశ్యమును రూపింపవచ్చునని నేను నిరుడు నేర్చుకొంటిని.

మేము బహదూర్‌పురాలో నివసించుచున్నాము. సమీపముననే మీర్ ఆలం చెరువు గలదు. నిజాము దివానైన మీర్ ఆలం పేర 19వ శతాబ్ది ఆరంభమున దీనిని కట్టించిరి. 1920లో ఉస్మాన్ సాగరు ఏర్పడుటకు ముందు నగరమునకు త్రాగునీ రొసగిన చెరువులలో నిది ముఖ్యము. దీని యానకట్ట తిన్నని గోడ కాదు. 21 అర్ధచంద్రాకారపు వంపులు వరుసగా నిలిచి, ఉబ్బిన వైపున నీటి నెదుర్కొనుచుండును. నీటి యొత్తిడి యా వంపుల వెంబడి నడిమి స్తంభములకు చేరును.

మా యత్తగారు ప్రతిసాయంకాలమును ఆ కట్టవైపు నడచి వచ్చెడివారు. నిరుడు కాలు విఱిగి మంచము పట్టిరి. "చెరువు నిండినదా?" యని దినమున కొకమా ఱడుగుచుండిరి. ఆమెను చెరువుకడకు కొనిపోజాలను. చెరువునే యామె కడకు తేవలె ననుకొంటిని.

ఆకాశమునకు వెలిసిన లేతనీలి చీరను, నీటికి ముదురునీలి చీరను, గుట్టలకు మావారి బూడిదవన్నె ఉత్తరీయమును తీసికొంటిని. దూరపు వస్తువులకు లేతరంగు చిన్నముక్కలు, దగ్గఱివానికి ముదురురంగు పెద్దముక్కలు వాడవలెను. రంగు దిగు గుడ్డలను ముందే నానబెట్టి యుతుకుట మఱవరాదు.

ఆనకట్టను మాత్రము శ్రీకాళహస్తి కలంకారీ పద్ధతిని వ్రాసితిని. గంజి పోవ నుతికిన నూలుగుడ్డను కరక్కాయ కషాయమున పచ్చి గేదెపాలు కలిపి ముంచి యారవేయవలెను. తుప్పుపట్టిన యినుపముక్కలను బెల్లపునీట మూడు వారములు నాననిచ్చిన కసిమి సిద్ధమగును. వెదురుకలమునకు గుడ్డ చుట్టి, దానితో వ్రాసినంతనే కరక్కాయ వగరుతో నినుము కలిసి నల్లనగును.

మొదటిసారి పాలు కలుపుట మఱచితిని. గీత లన్నియు చెదరి, వంపు లొకదానిలో నొకటి కలిసిపోయినవి. పాలలోని జిడ్డే రంగును ప్రాకనీయదని యప్పుడు తెలిసినది. రెండవ గుడ్డపై చక్కగా కుదిరినది. చెడిన గుడ్డను పాఱవేయ మనసొప్పక చూడగా, నది నీటిలో కదలు నీడవలె దోచెను! దానినే తలక్రిందుగా నానకట్ట క్రింద నతికితిని.

పిదప నీటిమీద నడ్డముగను, చెట్లమీద నిలువుగను, గుట్టలమీద వంపుగను కుట్లు వేసితిని. దారము నడచిన తీరునుబట్టియే యలలును, ఱాళ్లును ఉబికి కనబడును.

రెండు నెలలకు ముగించి యత్తగారిపై కప్పితిని. ఆమె వ్రేళ్లతో వంపులను తడవి లెక్కించి, "ఏడే యున్నవి, మిగిలినవేవే అమ్మాయీ?" యనిరి.

"చోటు చాలలేదత్తయ్యా" యంటిని.

"పోనిమ్ము. నీరు మాత్రము నిండుగా నున్నది" అని యానీడపై చేయి యుంచుకొని నిద్రించిరి.

మీ యూరి చెరువో, గుట్టయో, మీ పెట్టెలోని ప్రాతచీరలలో దాగియుండవచ్చును. వెదకి చూడుడు.