పూల గుడ్డతో సంచులు, ఇంటి వస్తువులు: కొలత, కుట్టు, కూలి

సూరత్ నగరానికి దక్షిణాన, ఉధ్నా దాటి సచిన్ వైపు వెళ్ళే దారిలో ఉన్ అనే ప్రాంతం ఉంది. దాని చుట్టూ ఉన్న వాడలు గుడ్డ మీదే బతుకుతాయి. ఉధ్నా, సచిన్‌లలో మరమగ్గాలు, పాండేసరాలో రంగుల మిల్లులు, అద్దకపు మిల్లులు ఉన్నాయి. కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల నుంచి వెళ్ళిన పద్మశాలీ కుటుంబాలు ఎన్నో ఏళ్ళుగా సూరత్‌లో స్థిరపడ్డాయి. అక్కడి నగరపాలక బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది.

ఈ నగరంలో మగ్గం పని ఎక్కువగా మగవారిది. ఆడవారు చాలామంది ఇంట్లోనే చీరలకు లేసు కుట్టడం, రాళ్ళు అతికించడం, దారాలు కత్తిరించడం వంటి పనులు చేస్తారు. కూలి చీరకు ఇంత అని ఉంటుంది. గుడ్డ వారిది కాదు, ధర కూడా వారు చెప్పేది కాదు. అదే మహిళ పూల గుడ్డ కొని, తానే సంచి కుట్టి అమ్మితే ధర చెప్పే హక్కు ఆమెకు వస్తుంది. అయితే నష్టం కూడా ఆమెదే అవుతుంది. ఆ నష్టం రాకుండా గుడ్డ ఎలా ఎంచుకోవాలో, ఎలా కుట్టాలో, ధర ఎలా కట్టాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

పూల గుడ్డ కొత్తది కాదు

ఇంటి అలంకరణకు పూల గుడ్డ వాడటం ఇప్పుడు వచ్చిన అలవాటు కాదు. 17వ శతాబ్దంలో మన మచిలీపట్నం, గుజరాత్‌లోని సూరత్ రెండూ పూల అద్దకపు నూలు గుడ్డలను ఎగుమతి చేసిన రేవులే. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో 1611లో, సూరత్‌లో 1613లో వర్తక స్థావరాలు పెట్టుకుంది. ఐరోపావారు ఆ గుడ్డలతో బట్టలే కాక తెరలు, మంచం దుప్పట్లు కూడా కుట్టించుకున్నారు. తమ నేతగాళ్ళకు పని పోతోందని ఫ్రాన్సు 1686లో వాటిని నిషేధించింది. ఇంగ్లాండు కూడా 1721లో అద్దకపు నూలు గుడ్డల వాడకాన్ని అడ్డుకుంటూ చట్టం చేసింది.

అప్పటి గుడ్డ నూలు. ఇప్పుడు సూరత్ మిల్లుల నుంచి వచ్చే పూల గుడ్డలో ఎక్కువ భాగం పాలియెస్టర్. మన పనికి ఈ తేడా చాలా ముఖ్యం.

గుడ్డను గుర్తించడం

మిల్లుల్లో, కుట్టు కార్ఖానాల్లో మిగిలిన ముక్కలను తూకం వేసి అమ్ముతారు. వీటిని చిండీ అంటారు. కొన్నప్పుడు ఏ ముక్క ఏ రకమో తెలియదు. ఒక పోగు తీసి, చిమటాతో పట్టుకుని, నీళ్ళున్న పళ్ళెం మీద కాల్చి చూడండి. నూలు అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ అయితే ముడుచుకుని, కరిగి, గట్టి పూసలా తయారవుతుంది.

కరిగే గుణం ఉంది కాబట్టి వేడి గిన్నెలు పట్టుకునే గుడ్డలను పాలియెస్టర్‌తో కుట్టకూడదు. కరిగితే చర్మానికి అంటుకుని కాలుస్తుంది. దిండు గలేబుకూ నూలే మేలు, ఎందుకంటే పాలియెస్టర్ చెమట పీల్చదు. తెరలకు, సంచులకు, కుషన్ కవర్లకు పాలియెస్టర్ బాగుంటుంది. రంగు త్వరగా వెలవదు, తడిపినా త్వరగా ఆరుతుంది. ఇస్త్రీ మాత్రం తక్కువ వేడి మీద, పైన పల్చని నూలు గుడ్డ వేసి చేయాలి.

కత్తిరించే ముందు

ముందుగా పువ్వు ఎటు చూస్తోందో గమనించండి. కొన్ని డిజైన్లలో పువ్వులన్నీ ఒకే వైపు నిలబడి ఉంటాయి. అలాంటి గుడ్డను అడుగున మడత వచ్చేలా ఒకే ముక్కగా కత్తిరిస్తే, సంచి వెనుక వైపు పువ్వులు తలకిందులవుతాయి. అందుకే ముందుకు ఒక ముక్క, వెనుకకు ఒక ముక్క తీసి అడుగున కలిపి కుట్టాలి. పెద్ద పువ్వు ఉంటే అది ముక్క మధ్యలోకి వచ్చేలా సుద్దతో గీత పెట్టుకోండి. ముక్కను పడుగు వెంట నేరుగా కత్తిరిస్తే సంచి ఒక పక్కకు లాగదు.

అస్తరుకు నూలు గుడ్డ వాడితే, దాన్ని ముందు తడిపి ఆరబెట్టాలి. నూలు మొదటి ఉతుకులో ముడుచుకుంటుంది, పాలియెస్టర్ ముడుచుకోదు. తడపకుండా కుడితే ఒక్క ఉతుకుతోనే సంచి ముడతలు పడుతుంది.

కూరగాయల సంచి

దేశమంతటా 120 మైక్రాన్ల కంటే పల్చని ప్లాస్టిక్ సంచులపై 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉంది. కాబట్టి గుడ్డ సంచికి అవసరం ఉంది. బరువు మోయగలిగితేనే కొన్నవారు మళ్ళీ వస్తారు.

14 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు, 4 అంగుళాల అడుగు ఉండే సంచికి 44 అంగుళాల పన్నా గుడ్డ 60 సెంటీమీటర్లు, అస్తరు 50 సెంటీమీటర్లు చాలు. రెండింటిలోనూ 19 అంగుళాల చదరపు ముక్కలు రెండేసి తీయండి. పట్టీలకు 4 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు ఉన్న ముక్కలు రెండు కావాలి.

పూల ముక్కలను, మంచి వైపులు లోపలికి ఉంచి, మూడు వైపులా అర అంగుళం వదిలి కుట్టండి. అడుగు మూలలో పక్క కుట్టును, అడుగు కుట్టును ఒకదాని మీద ఒకటి పెడితే త్రికోణం వస్తుంది. దాని వెడల్పు 4 అంగుళాలు ఉన్న చోట అడ్డంగా కుట్టి, మిగిలిన కొనను కత్తిరించండి. అస్తరును కూడా ఇలాగే కుట్టండి. దాని పక్క కుట్లు కొద్దిగా లోపలికి వేస్తే పూల సంచిలో చక్కగా ఇముడుతుంది.

పట్టీ ముక్క రెండు అంచులను మధ్యకు మడిచి, లోపల అంగుళం వెడల్పు కాన్వాసు పెట్టి, మళ్ళీ సగానికి మడిచి కుట్టాలి. పూల సంచిని తిరగేసి, అస్తరును లోపలికి దించి, రెండింటి పై అంచులను అర అంగుళం లోపలికి మడవండి. పట్టీ కొనలను ఆ రెంటి నడుమ 2 అంగుళాలు దోపి, చుట్టూ కుట్టు వేయండి. ప్రతి కొన మీద చదరంగా కుట్టి, దాని లోపల గుణకారపు గుర్తులా అడ్డంగా రెండు కుట్లు వేయాలి. సంచి ముందుగా తెగేది ఇక్కడే. పొరలు ఎక్కువ కాబట్టి 16వ నంబరు సూది, పాలియెస్టర్ దారం వాడండి.

చిన్న ముక్కలతో

16 అంగుళాల కుషన్ కవరుకు జిప్పు అక్కరలేదు. ముందు వైపు 17 అంగుళాల చదరం, వెనుక వైపు 17 x 12 అంగుళాల ముక్కలు రెండు తీసుకోండి. వెనుక ముక్కల్లో ఒక్కో పొడవు అంచును అంగుళం మడిచి కుట్టి, ఒకదాని మీద ఒకటి 5 అంగుళాలు ఎక్కేలా పరిచి, ముందు ముక్కతో చుట్టూ కుట్టాలి. ఇంకా చిన్న ముక్కలు మిగిలితే, మన ఇళ్ళలో బొంతలు కుట్టినట్టే అతుకులు వేసి గుమ్మం తెర అంచుకో, పర్సుకో వాడుకోవచ్చు.

మీ కూలిని లెక్కలో వేయండి

ఇంట్లో కుట్టేవారు గుడ్డ ఖర్చు రాసుకుంటారు, గంటలు రాసుకోరు. లెక్క తెలియడానికి కొన్ని అంకెలు అనుకుందాం. పూల గుడ్డ 30 రూపాయలు, అస్తరు 25, దారం, కాన్వాసు, కరెంటు, మిషను మరమ్మతు కలిపి 10. మొత్తం 65. పని గంటన్నర. గంటకు 50 రూపాయలు కావాలనుకుంటే కూలి 75. అంటే ధర 140 ఉండాలి. బేరంలో 100కే ఇస్తే చేతికి మిగిలేది 35 రూపాయలు, గంటకు 24 కూడా రాదు. చీరకు ఇంత అని ఇచ్చే కూలి కంటే ఇది మేలో కాదో మీరే పోల్చి చూసుకోవాలి.

ఇంట్లో చేసే పని కూడా పనే అని గుర్తింపు తేవడానికి ఇలా భట్ 1972లో అహ్మదాబాద్‌లో సేవ సంస్థను స్థాపించారు. ఇంటి దగ్గర పనిచేసే కార్మికుల కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ప్రత్యేక ఒప్పందం చేసింది. ఆ గుర్తింపు మన నోటు పుస్తకంలో మొదలు కావాలి. కుట్టిన ప్రతి సంచికి గుడ్డ, అస్తరు, దారం, గంటలు అని నాలుగు గళ్ళు గీసి రాయండి. పది సంచుల లెక్క చూస్తే ఏది కుట్టాలో, ఏది మానాలో తెలుస్తుంది. పూలు చూసి జనం సంచిని చేతిలోకి తీసుకుంటారు. సంచి నిలబడేది అస్తరుతో, పట్టీ కుట్టుతో. కుట్టిన మనిషి నిలబడేది ఈ లెక్కతో.