మూడు పిస్టన్లు, ఒకే తూకం

రావులపాలెం అరటి గెలల మార్కెట్టుకు పెట్టింది పేరు. ఊళ్ళలో ట్రాక్టరే చాలా ఇళ్ళకు ఆధారం. చాలా ట్రాక్టర్ల ఇంజనులో మూడు పిస్టన్లు ఉంటాయి. అవి సిలిండర్లలో పైకీ కిందికీ ఆడతాయి.

ఒక పిస్టన్ పాడైందనుకోండి. కంపెనీది ఖరీదు. బయటి రకం చవక. ఆ ఒక్కటీ బయటిది వేయించవచ్చా?

కావిడి చూడండి. ఒక పక్క బరువైతే మోసేవాడు తూలుతాడు. ఇంజనూ అంతే. పిస్టన్ల బరువులో తేడా ఉంటే అదురుతుంది. బేరింగులు త్వరగా అరుగుతాయి. పైగా వేడికి ఒక్కో రకం పిస్టన్ ఒక్కోలా ఉబ్బుతుంది. సిలిండరులో సందు చాలకపోతే పట్టేస్తుంది. మళ్ళీ ఇంజను విప్పాలి. మళ్ళీ అప్పు చేయాలి.

బయటి రకమంతా చెడ్డది కాదు. మూడూ ఒకే రకం వేయిస్తే మేలు. కుదరకపోతే మూడింటినీ తూచమనండి. సందు కొలవమనండి. డబ్బు మీది. అడగండి.