ముందు రేకు, తర్వాతే రంగు

షోలాపూర్, భివండీల్లో ఉండే మన చుట్టాలకి దసరా వచ్చేసరికి వానలు సర్దుకుంటాయి. మద్రాసులో మాకు అప్పుడే మొదలు. ఈశాన్య రుతుపవనం మామూలుగా అక్టోబరు 20 ప్రాంతంలో దిగి, డిసెంబరు దాకా వదలదు. ఏడాది వానలో సగానికి పైగా ఈ మూడు నెలల్లోనే పడుతుంది. మాకు చలికాలం అంటే వణుకు కాదు, చెమ్మా గాలీను. యానాం, బరంపురం వాళ్ళకీ ఇవే తుపాను రోజులు. 1996 నవంబరు 6న యానాం, కోనసీమల మీద పడ్డ తుపాను, 2013 అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటిన ఫైలిన్, 2016 డిసెంబరు 12న మా మీదికొచ్చిన వర్దా, అన్నీ ఈ కాలంలోవే.

చిక్కేమిటంటే, ఇంటి పనికి డబ్బు చేతికొచ్చేదీ అప్పుడే. మిల్లులు మూతపడ్డా దీపావళి బోనసు మీద ఆశ మన ఇళ్ళలో పోలేదు. పిల్లలు ఎక్కడ పనిచేసినా ఆ డబ్బు పండక్కి ముందే వస్తుంది. రాగానే బట్టలు, టపాకాయలు, వీధిగోడకి రంగు. "పండక్కి గోడ మెరవాల గదా వదినా" అంటారు. మెరవాలి, కాదనను. కానీ చెమ్మ పట్టిన గోడ మీద వేసిన రంగు సంక్రాంతి నాటికి పొక్కులు లేచి రాలిపోతుంది. అందుకే నేను చెప్పే వరస ఇది: ముందు రేకు, తర్వాత గోడ పగుళ్ళు, ఆఖర్న రంగు.

పైసా ఖర్చు లేని పని ఆగస్టులోనే మొదలుపెట్టొచ్చు. పట్టపగలు ఇంట్లో దీపాలు ఆర్పి, తలుపు మూసి పైకి చూడండి. రేకుకి చిల్లి ఉంటే వెలుగు చుక్కలా కనపడుతుంది. అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. డాబా ఇల్లయితే నీళ్ళ పైపు మూతి దగ్గర ఆకులు, ప్లాస్టిక్ కవర్లు తీసేసి, ఒక బకెట్ నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూడండి. ఒకచోట నిలబడితే వాన నీళ్ళూ అక్కడే నిలబడతాయి. పిట్టగోడ మీద కుండీలు, పాత తలుపులు, విరిగిన మంచం కిందికి దించండి. గాలిలో అవే పక్కింటి మీద పడేది. ఇంటిమీదికి వంగిన కొబ్బరిచెట్టు ఉంటే ఎండు మట్టలు, కాయలు దింపించండి. ఖాళీ ప్లాస్టిక్ ట్యాంకుని గాలి దొర్లిస్తుంది, కాబట్టి తుపాను కబురు రాగానే నిండా నీళ్ళు పట్టి ఉంచండి.

రేకుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. గాలి రేకుని పైనుంచి నొక్కి విరుస్తుందనుకుంటాం. నిజానికి పైన జోరుగా పోయే గాలి రేకుని మీదికి లాగుతుంది. చూరు తెరిచుంటే కింద దూరిన గాలి పైకి నెడుతుంది. ఈ లాగుడు అంచుల్లో, మూలల్లో ఎక్కువ. కాబట్టి బోల్టులన్నీ మార్చే డబ్బు లేకపోతే చూరు వరస, రెండు కొసలు, మూలలు ముందు చూసుకోండి. తుప్పు పట్టిన బోల్టు తీసేయాలి, తారు వాషరు ఎండి పగిలితే కొత్తది వేయాలి. బోల్టు ఎప్పుడూ రేకు మిట్ట మీదే ఉండాలి, పల్లంలో ఉంటే నీళ్ళు అక్కడే దిగుతాయి. సిమెంటు రేకు మీద కాలు పెట్టొద్దు. పలక వేసి, దాని మీదే నడవాలి. ఆ రేకుని పొడిగా కోసినా, గీకినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకి చేటు. నీళ్ళు చల్లి తడి మీదే పని చేయించండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

మా వైపు జల్లు ఎక్కువగా తగిలేది ఉత్తరం, తూర్పు గోడలకి. ఆ గోడల్లో, కిటికీ మీద సన్‌షేడ్ గోడని కలిసే చోట బీటలుంటాయి. పైపైన సిమెంటు మెత్తితే ఊడిపోతుంది. బీటని కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, తడిపి, ఆపైన నింపాలి. తర్వాత వారం రోజులు తడుపుతూ ఉండాలి. మేస్త్రీని దీపావళి ముందురోజు పిలిస్తే ఈ వారం ఎక్కడిది?

అందుకే ఈ పనికి బోనసు కోసం కాచుకోవద్దంటాను. నెల చీటీ వేస్తుంటే ఆగస్టులోనో సెప్టెంబరులోనో పాడుకోండి. పాటలో కొంత తగ్గుతుంది, నిజమే. కానీ వాన మొదలయ్యాక టార్పాలిన్‌కీ మేస్త్రీకీ అడిగినంత ఇచ్చుకోవాలి, పైగా తడిసిన బియ్యం, పరుపులు, పిల్లల పుస్తకాల నష్టం ఉండనే ఉంటుంది. బోనసు వచ్చాక చీటీకి కట్టుకోండి, మిగిలింది పండక్కి. రంగు పొంగల్‌కి వేసుకోండి. భోగి ముందు గోడ ఆరి ఉంటే రంగు నిలుస్తుంది. అద్దె ఇల్లయితే ఓనరుకి ఆగస్టులోనే చూపించండి. మీరే ఖర్చు పెడితే అద్దెలో తగ్గించుకునేట్టు పని మొదలవకముందే కాగితం రాయించుకోండి.

లైన్ ఇళ్ళలో ఉండేవాళ్ళకి ఇంకో మాట. మన రేకు అంచు పక్కింటి రేకు కిందికో మీదికో పోయుంటుంది. ఇళ్ళు పదైనా కప్పు ఒకటే. వర్దా నాడు మా వరసలో మొదట లేచింది చివరింటి రేకులు. ఆ సందులో గాలి దూరాక దాని పక్కిల్లు, తర్వాత ఆ పక్కది. మధ్యింటి వాళ్ళు తమ రేకుల్ని ఎంత గట్టిగా బిగించుకున్నా చివరిల్లు వదులుగా ఉంటే లాభం లేదు.

మా వరస చివరింట్లో ఒక పెద్దావిడ ఒంటరిగా ఉంటుంది. కొడుకు పంపే డబ్బు మందులకే చాలదు. ఈ ఏడు ఇంటికి రెండొందలు వేసుకుని ముందు ఆవిడ చూరు బిగించాలని మాట్లాడుకున్నాం. ఒకరిద్దరు "మాకెందుకు" అన్నారు. వర్దా నాడు ఎవరి రేకు ఎటు పోయిందో గుర్తు చేస్తే వాళ్ళూ ఇచ్చారు. సెప్టెంబరు రెండో ఆదివారం మేస్త్రీ వస్తున్నాడు. ఆవిడ ఇంటి దగ్గర మొదలుపెట్టి వరసగా ఇటు వస్తాం.