జట్టులో రెండో పేరు మీదేనా?

వెయిటింగ్ లిస్టు, బెంచ్, రిజర్వ్, 1:2 జాబితా... పేరు ఏదైనా పరిస్థితి ఒకటే. పిలుపు వస్తుందో రాదో తెలియదు, వస్తే మాత్రం ఆ నిమిషానికే సిద్ధంగా ఉండాలి. విశాఖ కుర్రాడు కోన శ్రీకర్ భరత్ కెరీర్, అమెరికన్ ఫుట్‌బాల్‌లో బ్యాకప్ క్వార్టర్‌బ్యాక్‌ల కెరీర్ పక్కపక్కన పెట్టి చూస్తే ఉద్యోగాల వేటలో ఉన్న మనకు పనికొచ్చే సంగతులు చాలానే దొరుకుతాయి.

2021 నవంబర్ 27. కాన్పూర్‌లో న్యూజిలాండ్‌తో టెస్టు మ్యాచ్, మూడో రోజు. అవతలివాళ్లు ఒక్క వికెట్టూ కోల్పోకుండా 129 పరుగుల మీదున్నారు. మన వికెట్ కీపర్ వృద్ధిమాన్ సాహాకు మెడ పట్టేసింది. అప్పటిదాకా డ్రెస్సింగ్ రూమ్‌లో ఉన్న భరత్ గ్లవ్స్ వేసుకుని మైదానంలోకి వచ్చాడు. అప్పటికి అతను ఒక్క టెస్టు కూడా ఆడలేదు.

స్పిన్నర్లు వేస్తున్నారు, బంతి మోకాలి కిందే ఉంటోంది. అశ్విన్ బంతి విల్ యంగ్ బ్యాటును తాకి కిందుగా వచ్చింది. భరత్ పట్టాడు. అంపైర్ ఔటివ్వలేదు. తాకిందని భరత్ గట్టిగా చెప్పడంతో రివ్యూ తీసుకున్నారు, ఔటని తేలింది. తర్వాత రాస్ టేలర్ క్యాచ్, 95 మీదున్న టామ్ లాథమ్ స్టంపింగ్. మ్యాచ్ మళ్లీ మన వైపు తిరిగింది.

ఇప్పుడు అతని టెస్టు రికార్డు తెరిచి చూడండి. ఆ రెండు క్యాచ్‌లు, ఆ స్టంపింగ్ అందులో ఉండవు. సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన ఆటగాడు పట్టినవి అతని కెరీర్ లెక్కల్లోకి రావు. స్కోరుకార్డులో 'సబ్' అని పడుతుంది, అంతే. ఇంకో విషయం. 2017 అక్టోబర్‌లో నిబంధనలు మారకముందైతే సబ్‌స్టిట్యూట్‌కు కీపింగ్ చేసే అవకాశమే లేదు.

బ్యాకప్ బతుకు ఎలా ఉంటుందో చెప్పడానికి ఈ ఒక్క రోజు చాలు. పని మొత్తం చేస్తారు, పేరు వేరే కాలమ్‌లో పడుతుంది.

ఒక్కటే కుర్చీ

టీమ్‌లో బౌలర్లు నలుగురైదుగురు ఉంటారు. ఒకరికి దెబ్బ తగిలినా, పిచ్ మారినా రిజర్వ్ బౌలర్‌కు చాన్స్ వస్తుంది. కీపర్ కుర్చీ మాత్రం ఒక్కటే. మొదటివాడు బాగా ఆడినన్నాళ్లు రెండోవాడు నీళ్లు మోయాల్సిందే.

అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ పరిస్థితి కూడా ఇదే. బంతిని ఎవరికి విసరాలి, ఏ ఎత్తు వేయాలి అన్నది మైదానంలో చూసుకునేది ఆయనే. ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టులో 53 మంది ఉన్నా క్వార్టర్‌బ్యాక్ స్థానంలో ఆడేది ఒక్కడే. బ్యాకప్‌గా ఉన్నవాడు వారం వారం మొత్తం గేమ్‌ప్లాన్ బట్టీ పట్టాలి. ప్రాక్టీసులో ఎక్కువ బంతులు మాత్రం మొదటివాడికే. ఇతనికి దక్కే పని వచ్చే వారం ప్రత్యర్థి జట్టు క్వార్టర్‌బ్యాక్ ఎలా ఆడతాడో అచ్చం అలా ఆడి చూపించడం, తన జట్టు డిఫెన్స్‌కు ప్రాక్టీస్ ఇవ్వడం. అంటే తన ఆట కూడా తాను ఆడడు, పక్కవాడి ఆట ఆడతాడు!

భరత్ ఎన్నాళ్లు ఆగాడు?

భరత్ 2015 ఫిబ్రవరిలో ఒంగోలులో గోవా మీద 308 పరుగులు కొట్టాడు. రంజీ ట్రోఫీలో ట్రిపుల్ సెంచరీ చేసిన తొలి వికెట్ కీపర్ అతనే. అప్పటికి వయసు 21. ఇక ఇండియా టీమ్ ఎంతో దూరం లేదనే ఎవరైనా అనుకుంటారు.

2019 నవంబర్‌లో బంగ్లాదేశ్‌తో డే-నైట్ టెస్టుకు సాహాకు తోడుగా పిలిచారు. ఆడలేదు. 2020 జనవరిలో ఆస్ట్రేలియాతో వన్డేలో రిషభ్ పంత్ తలకు దెబ్బ తగిలితే రాజ్‌కోట్ మ్యాచ్‌కు పిలిచారు. గ్లవ్స్ కె.ఎల్.రాహుల్ తొడుక్కున్నాడు. 2021లో ఇంగ్లండ్ టూర్‌కు సాహాకు కోవిడ్ రావడంతో ముందుజాగ్రత్తగా తీసుకెళ్లారు. ఆడలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో ఐపీఎల్‌లో బెంగళూరు తరఫున ఢిల్లీ మీద ఆఖరి బంతికి సిక్స్ కొట్టి గెలిపించాడు, 78 నాటౌట్. నెల దాటాక కాన్పూర్.

2022 డిసెంబర్ 30న పంత్ కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడ్డాడు. 2023 ఫిబ్రవరి 9న నాగ్‌పూర్‌లో ఆస్ట్రేలియా మీద భరత్ తొలి టెస్టు ఆడాడు. ట్రిపుల్ సెంచరీకి, టెస్టు క్యాప్‌కు మధ్య ఎనిమిదేళ్లు. వయసు 29. ఈసారి రికార్డులోకి ఎక్కే స్టంపింగ్ కూడా తొలిరోజే వచ్చింది. జడేజా బౌలింగ్‌లో లబుషేన్, 49 దగ్గర.

కథ ఇక్కడ ఆపేస్తే 'ఓపికకు ఫలితం' అని హెడ్డింగ్ పెట్టుకోవచ్చు. కానీ అసలు సంగతి ఆ తర్వాతే ఉంది.

చాన్స్ వచ్చాక

ఆస్ట్రేలియాతో నాలుగు టెస్టులూ ఆడాడు. జూన్‌లో ఓవల్‌లో టెస్టు చాంపియన్‌షిప్ ఫైనల్ కూడా ఆడాడు. కీపింగ్‌లో, ముఖ్యంగా స్పిన్‌కు, మంచి పేరే వచ్చింది. బ్యాటింగ్‌లో అత్యధిక స్కోరు అహ్మదాబాద్‌లో 44. తర్వాత వెస్టిండీస్ టూర్‌లో ఇషాన్ కిషన్ వచ్చాడు. దక్షిణాఫ్రికాలో రాహుల్ కీపింగ్ చేశాడు. 2024 జనవరిలో ఇంగ్లండ్‌తో హైదరాబాద్ టెస్టుకు భరత్ మళ్లీ వచ్చాడు. 41, 28 చేశాడు. రెండో ఇన్నింగ్స్‌లో అశ్విన్‌తో కలిసి 57 పరుగులు జోడించాడు. మనం 28 పరుగులతో ఓడిపోయాం. తర్వాతి టెస్టు సొంతూరు విశాఖలో, 17, 6. మూడో టెస్టుకు రాజ్‌కోట్‌లో ధ్రువ్ జురెల్ వచ్చాడు. ఆ వెంటనే రాంచీలో 90, 39 నాటౌట్ చేసి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అందుకున్నాడు.

మొత్తం 7 టెస్టులు, 221 పరుగులు. ఒక్క అర్ధ సెంచరీ లేదు.

ఇందులో ఎవరిది తప్పు అని వెతకడం దండగ. గమనించాల్సింది వేరే ఉంది. కాగితం మీద భరత్ భర్తీ చేసింది 'వికెట్ కీపర్' పోస్టు. నిజానికి అతను భర్తీ చేయాల్సి వచ్చింది పంత్‌ను. ఒక్క సెషన్‌లో మ్యాచ్‌ను తిప్పేసే పంత్ బ్యాటింగ్ చూశాక ఆ పోస్టు అర్హతలే మారిపోయాయి. క్యాచ్‌లు పట్టడం కనీస అర్హత అయింది, మార్కులు వేసేది పరుగులకు. మీ ఆఫీసులో మీకంటే ముందున్న మనిషి ఆ సీటుకు ఒక స్థాయి తెచ్చి పెడతాడు. మీకు అవకాశం వచ్చినప్పుడు జాబ్ డిస్క్రిప్షన్ చదివి వెళ్తే సరిపోదు. ఆ మనిషి ఏం చేసేవాడో చూసుకుని వెళ్లాలి.

ఇది కొత్త కథేమీ కాదు. మన హైదరాబాద్ కీపర్ పి.కృష్ణమూర్తి 1971లో వెస్టిండీస్‌లో అయిదు టెస్టులూ ఆడాడు. వాళ్ల గడ్డ మీద మనం మొదటిసారి సిరీస్ గెలిచింది అప్పుడే. సునీల్ గావస్కర్ 774 పరుగులు చేసిన సిరీస్ కాబట్టి అందరికీ ఆయనే గుర్తు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో ఫరూఖ్ ఇంజినీర్ తిరిగొచ్చాడు. కృష్ణమూర్తి మళ్లీ టెస్టు ఆడలేదు. అయినా గెలిచిన ఆ జట్టులో వికెట్ల వెనకాల నిలబడింది ఆయనే, దాన్ని ఎవరూ కొట్టేయలేరు.

అటు అమెరికాలో మూడు దారులు

అక్కడ బ్యాకప్ కెరీర్‌కు మూడు ముగింపులు కనిపిస్తాయి.

మొదటిది టామ్ బ్రేడీ. 2000 డ్రాఫ్ట్‌లో 199వ పేరు. 2001 సెప్టెంబర్‌లో డ్రూ బ్లెడ్‌సో గాయపడితే లోపలికి వచ్చాడు. ఆ సీజన్‌లోనే సూపర్ బౌల్ గెలిచాడు, కెరీర్ మొత్తంలో ఏడు గెలిచాడు. మోటివేషన్ వీడియోల్లో కనిపించేది ఈయనే. కానీ ఇలాంటివాళ్లు తరానికి ఒకరు.

రెండోది నిక్ ఫోల్స్. 2016లో ఆట మానేద్దామనుకున్నాడు. 2017 డిసెంబర్‌లో ఫిలడెల్ఫియా మొదటి క్వార్టర్‌బ్యాక్ కార్సన్ వెంట్జ్ మోకాలికి గాయమైతే ఫోల్స్ వచ్చాడు. 2018 ఫిబ్రవరి 4న సూపర్ బౌల్‌లో బ్రేడీ జట్టునే 41-33తో ఓడించి మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అయ్యాడు. తర్వాత ఎక్కడా స్థిరమైన మొదటి స్థానం దక్కలేదు. రెండు నెలలు ఆకాశంలో, మిగతా కాలం మళ్లీ బెంచ్ మీద.

మూడోది చేజ్ డేనియల్. డ్రాఫ్ట్‌లో ఎవరూ ఎంచుకోలేదు. దశాబ్దానికి పైగా లీగ్‌లో ఉండి మ్యాచ్ మొదలుపెట్టింది కేవలం 5 సార్లు. సంపాదన 4 కోట్ల డాలర్ల పైమాటే! ఊకే కూర్చోబెట్టి ఎవరూ అంత డబ్బివ్వరు గదా? వీడియోలు చూసి ప్రత్యర్థి ఎత్తులు విడమరచి చెప్పడం, మొదటివాడికి రెండో జత కళ్లలా ఉండటం, కుర్ర క్వార్టర్‌బ్యాక్‌లకు పని నేర్పడం ఆయన అమ్ముకున్న నైపుణ్యాలు. బ్యాకప్‌గా ఉండటాన్నే వృత్తి చేసుకున్నాడు.

స్టాండ్‌బైలో రెండు రకాలు

సర్వర్లతో పనిచేసేవాళ్లకు ఈ తేడా తెలుసు. కోల్డ్ స్టాండ్‌బై అంటే మూలన ఆపేసి ఉన్న మెషీన్. అసలు సర్వర్ పడిపోయాక దీన్ని ఆన్ చేయాలి, డేటా ఎక్కించాలి, సెట్టింగులు సరిచూడాలి. గంటలు పడుతుంది. హాట్ స్టాండ్‌బై అలా కాదు. అసలు సర్వర్‌కు వచ్చే ప్రతి మార్పూ దీనికీ ఎప్పటికప్పుడు చేరుతుంది. అది ఆగితే ఇది సెకన్లలో అందుకుంటుంది. మంచి టీమ్‌లు మరో పని కూడా చేస్తాయి. అప్పుడప్పుడూ కావాలనే అసలు సర్వర్‌ను ఆపి, బ్యాకప్ నిజంగా లేస్తుందా లేదా అని పరీక్షిస్తాయి. పరీక్షించని బ్యాకప్‌ను నమ్మలేం.

కాన్పూర్‌లో భరత్ హాట్ స్టాండ్‌బై. మరి మీరు?

ఐటీ కంపెనీల్లో బెంచ్ మీద ఉన్నవాళ్లకు ఈ ప్రశ్న ఇంకా గట్టిగా తగులుతోంది. టీసీఎస్ 2025 జూన్ నుంచి ఏడాదిలో 225 రోజులు బిల్లబుల్‌గా ఉండాలని, బెంచ్ 35 పనిదినాలు దాటకూడదని నిబంధన తెచ్చింది. అంటే వెయిటింగ్‌కు కూడా గడువు వచ్చేసింది.

మన అమ్రాబాద్, పదర, అచ్చంపేట పిల్లల సంగతీ వేరు కాదు. డిగ్రీ అవగానే హైదరాబాద్ వెళ్లి అశోక్‌నగర్‌లోనో దిల్‌సుఖ్‌నగర్‌లోనో గది తీసుకుని గ్రూప్స్‌కు చదివేవాళ్లు, సర్టిఫికెట్ వెరిఫికేషన్ దాకా వెళ్లి 1:2లో ఆగిపోయినవాళ్లు మనకు తెలుసు. ఒకటీ రెండు మార్కుల తేడాతో పోయిందంటే వాళ్లకు తెలివి తక్కువని కాదు. కుర్చీలు తక్కువ.

రాత్రి 9 దాటితే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర శ్రీశైలం రోడ్డు మీద బండ్లు ఆపేస్తారు. పొద్దున 6కు గానీ వదలరు. పులుల అడవి కాబట్టి ఎంత తొందరున్నా ఆగాల్సిందే. గేటు ఎప్పుడు తీయాలన్నది మన చేతిలో లేదు. టైర్లలో గాలి, ట్యాంకులో డీజిల్ మాత్రం మన చేతిలోనివే. ఇంకో మాట కూడా ఉంది. ఆ గేటు ఏ టైముకు తీస్తారో అందరికీ తెలుసు. కెరీర్‌లో కొన్ని గేట్లకు టైమ్ బోర్డే ఉండదు. అలాంటి చోట ఎన్నాళ్లు ఆగాలో మనమే నిర్ణయించుకోవాలి.

రెండో స్థానంలో ఉంటే...

కొలమానం ముందే తెలుసుకోండి. మీకు అవకాశం వస్తే దేన్ని బట్టి మార్కులు వేస్తారో మేనేజర్‌ను సూటిగా అడగండి. మీకు బాగా వచ్చిన పని, వాళ్లు కొలిచే పని ఒకటే కాకపోవచ్చు.

వేరే మైదానంలో ఆడుతూ ఉండండి. ఇండియా టీమ్‌లో బెంచ్ మీద ఉన్నన్నాళ్లూ భరత్ ఆంధ్రకు, ఇండియా-ఎకు ఆడుతూనే ఉన్నాడు. టెస్టు క్యాప్ వచ్చేసరికే 80కి పైగా ఫస్ట్ క్లాస్ మ్యాచ్‌ల అనుభవం ఉంది. బెంచ్ మీద ఉంటే ఇంటర్నల్ ప్రాజెక్టో, ఓపెన్ సోర్సో చేయండి. గ్రూప్స్‌కు చదువుతుంటే ఏదో ఒక పార్ట్‌టైమ్ పని పెట్టుకోండి. చేయి ఆడుతూ ఉండాలి.

లెక్కలో పడని పనిని మీరే రాసి పెట్టుకోండి. సెలవులో ఉన్న సహోద్యోగి పని మీరు చేస్తే అది ఆయన పేరు మీదే పోతుంది. తేదీ, చేసిన పని, వచ్చిన ఫలితం ఒక ఫైల్‌లో ఉంచండి. అప్రైజల్‌లో, ఇంటర్వ్యూలో అది మీ స్కోరుకార్డు.

మొదటివారితో పోటీ వద్దు, పని కావాలి. వాళ్ల దగ్గర నేర్చుకున్నంత ఎవరి దగ్గరా నేర్చుకోలేరు.

గడువు పెట్టుకోండి. ఎన్ని నోటిఫికేషన్లు, ఎన్ని నెలలు అన్నది ఇంట్లోవాళ్లతో కూర్చుని ముందే మాట్లాడుకోండి. గడువు ముగిసినప్పుడు దారి మార్చుకోవడం ఓటమి కాదు. గుంటూరు కీపర్ ఎమ్మెస్కే ప్రసాద్ ఆడింది 6 టెస్టులే. తర్వాత దేశానికి చీఫ్ సెలెక్టర్ అయ్యాడు.

ఒక్క చాన్స్ మీద జీవితాన్ని తూచకండి. భరత్ ఏడు టెస్టుల తర్వాత మళ్లీ రంజీకే వెళ్లి గ్లవ్స్ తొడుక్కున్నాడు. అతని స్థానంలోకి వచ్చిన జురెల్ కూడా, పంత్ కోలుకుని 2024 సెప్టెంబర్‌లో తిరిగి రాగానే పక్కకు జరగాల్సి వచ్చింది. రెండో పేరు మీద ఎవరూ శాశ్వతంగా ఉండరు. మొదటి పేరు మీద కూడా అంతే.