చేపల వ్యాపారంలో నా భాగస్తుడు

ఆన్‌లైన్ వ్యాపారం అనగానే కంప్యూటరు వచ్చినవాడే యజమాని, రానివాడు సాయానికి వచ్చిన మనిషి అని మనలో చాలామంది అనుకుంటాము. నేనూ అలాగే అనుకున్నాను. దానివల్ల ఒక స్నేహమే పోబోయింది కనుక ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మాది తాడేపల్లిగూడెం దగ్గర వ్యవసాయ కుటుంబం. నా మిత్రుడిది కైకలూరు వైపు. ఇంటరుతో చదువు ఆపి, చేపల చెరువుల దగ్గర లెక్కలు చూస్తాడు. ఏలూరులో ఇళ్లకు చేపలు చేర్చుదామని ఇద్దరం తలపెట్టాము. రాత్రులు మేలుకొని నేను వెబ్‌సైటు తయారుచేశాను. అందులో "బొచ్చె, ఒక కిలో" అని పెట్టి ధర వేశాను.

వాడు చూసి పకపకా నవ్వాడు. "ఒరేయ్, బొచ్చె కిలో లెక్కన పుడుతుందా? ఒకటి రెండున్నర ఉంటుంది, ఒకటి మూడుంటుంది. పొలుసు, పేగులు తీశాక తగ్గేది ఎవరి ఖాతాలో వేస్తావు?" అన్నాడు. దాంతో పద్ధతి మొత్తం మారింది. చేప మొత్తంగానే కొనాలి, ముందు కొంత కట్టాలి, తూచిన తరువాత మిగతాది. శుభ్రం చేయక ముందరి బరువుకే ధర అని పైనే వ్రాశాము.

"కొల్లేటి సరస్సు చేపలు" అన్న నా శీర్షికను కూడా వాడే తీయించాడు. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2006లో అయిదో కాంటూరు లోపలి అక్రమ చెరువుల గట్లు కొట్టించారు. మేము అమ్మేవి కాంటూరు బయట చెరువుల్లో పెంచినవి. "చెరువు చేపని సరస్సు చేపంటే తినేవాడు కనిపెట్టడేమో గానీ, మా ఊళ్లో తల ఎత్తుకోలేను" అన్నాడు.

ఇన్ని చెప్పినవాడికి నేను "నెలకింత ఇస్తాలే" అన్నాను. వాడేమీ అనలేదు. రెండు రోజులు ఫోను ఎత్తలేదు.

ఇంటికి వెళ్లి నాన్నగారితో చెబితే, "కౌలుకు చేసేటప్పుడు పెట్టుబడి ఎవరిది, చాకిరీ ఎవరిది అని దుక్కికి ముందే అనుకుంటాం కదరా. కుప్ప నూర్చాక అనుకుంటే తగువే" అన్నారు.

అప్పుడు 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం తీసి చదివాను. విడిగా ఒప్పందమేదీ లేకుంటే లాభనష్టాలు భాగస్తులందరికీ సమానమని 13వ సెక్షను. కోడు వ్రాసినవాడికి ఎక్కువ వాటా అని ఎక్కడా లేదు! లెక్కల పుస్తకాలు చూసే హక్కు ప్రతి భాగస్తుడికీ ఉందని 12వది. మా లెక్కలో, వచ్చే డబ్బంతా నా ఫోనులోనే పడుతోంది, వాడికి కనపడదు. ఇక 25వది ప్రకారం సంస్థ బాకీకి ఇద్దరూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులే. అంటే సంస్థ కోసం నేను చేసిన అప్పుకు వాడి ఇంటిమీదకు రావచ్చునన్నమాట. రిజిస్టరు కాని సంస్థ ఒప్పందం అమలుకు బయటివారిపై దావా వేయలేదని 69వ సెక్షను.

కైకలూరు బస్సెక్కి వెళ్లి, చెరువుగట్టు మీదే కూర్చుని కాగితం వ్రాశాము. వెబ్‌సైటుకు నేను పెట్టిన డబ్బు, ఐసుకూ ఆటోకూ వాడు పెట్టిన డబ్బు ముందు తీసేసి, మిగిలినది చెరిసగం. పాస్‌వర్డులు ఇద్దరి దగ్గరా ఉంటాయి. రోజు లెక్క ఇద్దరి ఫోనుల్లోనూ కనపడుతుంది.

డిగ్రీ అయ్యాక నేను హైదరాబాదు ఉద్యోగానికి పోతే ఏమిటన్న పేరా మాత్రం ఇంకా ఖాళీగానే ఉంది. వాడు అడగడు, నేను ఎత్తడంలేదు.