'థియేటర్ ఆఫ్ బ్లడ్' చిత్రం: ప్రతీకారం, క్రూరహాస్యం - రసదృష్టి

వ్యాససంగ్రహం:
హాస్యానికి భయానకం విరోధి అని అలంకారికుల అభిప్రాయం. అయినా రంగస్థలాన్ని ఇతివృత్తంగా గ్రహించిన కొన్ని హారర్ చిత్రాలలో ఈ రెండూ ఒకే సన్నివేశంలో కనిపిస్తాయి. 1973లో విడుదలైన 'థియేటర్ ఆఫ్ బ్లడ్' అనే బ్రిటిష్ చిత్రం ఆధారంగా ఆ కలయిక ఎలా సాధ్యమవుతున్నదో, ఎక్కడ భగ్నమవుతున్నదో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం. ఇంగ్లీషులో బ్లాక్ హ్యూమర్ అనే ధోరణిని ఇక్కడ 'క్రూరహాస్యం' అని వ్యవహరించడం జరిగింది.

కీలకపదాలు: ప్రతీకారం, క్రూరహాస్యం, భయానకం, అనౌచిత్యం, రసాభాస, విమర్శ.

1. ఉపోద్ఘాతం:
ప్రతీకారం నాటకానికి ప్రాచీనమైన వస్తువు. రోమన్ కవి సెనెకా రచించిన 'థయెస్టీస్'లో ఒక సోదరుడు మరొక సోదరుడికి అతని బిడ్డల మాంసాన్నే వడ్డిస్తాడు. పదహారవ శతాబ్దపు ఇంగ్లండులో థామస్ కిడ్ 'స్పానిష్ ట్రాజెడీ', షేక్‌స్పియర్ 'టైటస్ ఆండ్రానికస్' ఆ మార్గంలో వెలువడినవే. పారిస్‌లో 1897 నుంచి 1962 వరకు నడిచిన గ్రాండ్ గిన్యోల్ రంగశాల భయానక నాటికలనూ ప్రహసనాలనూ ఒకే సాయంత్రం మార్చి మార్చి ప్రదర్శించేది. అక్కడ భయం తర్వాత నవ్వు వచ్చేది. ప్రస్తుత చిత్రంలో భయమే నవ్వు పుట్టిస్తుంది.

2. ఇతివృత్తం:
దర్శకుడు డగ్లస్ హికాక్స్. కథానాయకుడు ఎడ్వర్డ్ లయన్‌హార్ట్ పాత్రను విన్సెంట్ ప్రైస్, అతని కుమార్తె ఎడ్వినా పాత్రను డయానా రిగ్ ధరించారు. లయన్‌హార్ట్ షేక్‌స్పియర్ నాటకాలు తప్ప వేరేవి ఆడని పాతతరం నటుడు. తనకే దక్కుతుందని నమ్మిన ఉత్తమ నటుడి పురస్కారాన్ని విమర్శకులు ఒక యువనటుడికి ఇస్తారు. అవమానం భరించలేక అతడు థేమ్స్ నదిలోకి దూకుతాడు. స్పిరిట్ తాగి బతికే దిక్కులేని జనం అతణ్ణి కాపాడతారు. లోకం అతడు చనిపోయాడనుకుంటుంది. అతడు మాత్రం తన చివరి సీజన్‌లో ఆడిన నాటకాల వరుసలోనే ఆ విమర్శకులను ఒక్కొక్కరినీ చంపడం మొదలుపెడతాడు.

3. శిక్షలోని చమత్కారం:
ప్రతి హత్యా ఒక నాటక సన్నివేశానికి అనుకరణ. 'జూలియస్ సీజర్'లో వలె ఒకరిని గుంపు పొడిచి చంపుతుంది. 'మూడవ రిచర్డ్'లోని క్లారెన్స్ వలె మరొకరు మద్యం పీపాలో మునిగి మరణిస్తారు. 'టైటస్ ఆండ్రానికస్'లో రాణి తన కొడుకుల మాంసం తింటుంది. ఇక్కడ మెరిడ్యూ అనే భోజనప్రియుడు బిడ్డల్లా పెంచుకున్న తన కుక్కలనే తెలియక తింటాడు.

ఈ శిక్షలలో పోలిక ఉంది. ప్రేక్షకుడు మూలనాటకాన్ని గుర్తుపట్టి, ఈసారి అది ఏ వేషంలో వస్తుందోనని ఎదురుచూస్తాడు. చావు ఒక పొడుపుకథగా మారుతుంది. విడుపు దొరికిన తృప్తే మొదటి నవ్వు. 'వెనిస్ వర్తకుడు'లో షైలాక్‌కు దక్కని మాంసం ఇక్కడ నిజంగానే కోయబడుతుంది. సహచరుడి గుండె కళ్లముందున్నా, షేక్‌స్పియర్‌ను తిరగరాసే సాహసం లయన్‌హార్ట్‌కే ఉందని ఒక విమర్శకుడు వ్యాఖ్యానిస్తాడు. వృత్తి మనిషిని ఎంతగా మొద్దుబారుస్తుందో ఆ ఒక్క మాట చూపుతుంది.

4. అనౌచిత్యం - హాస్యం:
భరతుడు బీభత్సం నుంచి భయానకం పుడుతుందన్నాడు. యుద్ధం, మరణం వంటివాటిని అంకంలో ప్రత్యక్షంగా చూపక ప్రవేశకాదుల ద్వారా సూచించమన్నాడు. విశ్వనాథుడు 'సాహిత్యదర్పణం'లో హాస్యానికి భయానక కరుణలు విరోధులన్నాడు. ఈ సూత్రాల ప్రకారం ఈ చిత్రం రసభంగానికి ఉదాహరణ కావాలి. అయితే అభినవగుప్తుడు ఇంకొక దారి చూపాడు. ఏ రసమైనా అనౌచిత్యం వల్ల ఆభాసగా మారితే, అది హాస్యానికి కారణమవుతుందని అతని వివరణ.

లయన్‌హార్ట్ కోపంలో రౌద్రానికి కావలసిన అనుభావాలన్నీ ఉన్నాయి. కానీ కారణానికీ కార్యానికీ పొంతన లేదు. చేజారింది ఒక బహుమతి, తీసింది ప్రాణాలు. పైగా ప్రతి హత్యకూ వేషం, సంభాషణ, రంగాలంకరణ కావాలి. హంతకుడైనా అతడు నటుడిగానే మిగిలాడు. ఇది రౌద్రాభాస. అందుకే నవ్వు వస్తుంది.

5. నవ్వు ఆగే చోటు:
ఈ నవ్వుకు ఒక షరతు ఉంది: చచ్చేవాడు ఎంతో కొంత దోషి కావాలి. 'ఒథెల్లో' ఘట్టంలో ఆ షరతు తప్పుతుంది. సాల్టరీ అనే విమర్శకుణ్ణి అనుమానంలోకి నెట్టి, అతని చేతనే అతని భార్యను చంపిస్తారు. ఆమె ఏ సమీక్షా రాయలేదు. అక్కడ నవ్విన ప్రేక్షకుడు తన నవ్వును తానే శంకించవలసి వస్తుంది. తుదిఘట్టంలో ఎడ్వినా మరణిస్తుంది. దెబ్బ తగిలింది ఆ పురస్కార ప్రతిమతోనే. మండుతున్న రంగశాల పైకప్పు మీద కూతురి దేహాన్ని మోస్తూ లయన్‌హార్ట్ 'లియర్ రాజు' సంభాషణలు పలుకుతాడు. మొదటిసారి పాత్రకూ నటుడికీ దుఃఖం ఒకటే. ఆభాస తొలగి, కరుణ మిగులుతుంది.

6. విమర్శకుని స్థానం:
చిత్రం విమర్శకులను హేళన చేసినా, విమర్శను తృణీకరించలేదు. కళ్లు పోగొట్టుకుంటావా, పురస్కారం ఇస్తావా అని అడిగినప్పుడు డెవ్లిన్ అనే విమర్శకుడు తన తీర్పును మార్చుకోడు. అది నిజాయితీ. అదే డెవ్లిన్ చివరికి, మంటల్లో మరణించిన మనిషి నటన మీద సమీక్ష వంటి వ్యాఖ్య చేస్తాడు. అది అలవాటు. ఈ రెంటి మధ్య గీత సన్ననిది. తీర్పులో రాజీపడకపోవడం ఒకటి. తీర్పు అందుకునేవాడు మనిషని మరచిపోవడం వేరొకటి.

ముగింపు:
1. ప్రతీకారం తెలిసిన నాటకాన్ని అనుకరించినప్పుడు, భయం గుర్తింపుగా, గుర్తింపు నవ్వుగా పరిణమిస్తాయి.
2. అనౌచిత్యజన్య హాస్యమనే అభినవగుప్తుని భావన, విరోధిరస సూత్రానికి అందని క్రూరహాస్యాన్ని వివరించగలదు.
3. నిర్దోషి బలి అయినచోట ఆ హాస్యం నిలవదు. కనుక క్రూరహాస్యం నీతిరహితం కాదు. దాని నీతి, నవ్వు ఆగే చోట బయటపడుతుంది.
4. పరిశోధనపత్రాలను, సృజనాత్మక రచనలను నిత్యం అంచనా వేసే అధ్యాపకులకూ పరిశోధకులకూ ఈ చిత్రం సంధించే ప్రశ్న ఒకటే: చమత్కారం కోసం రాసిన వాక్యమేదో, అవసరమై రాసిన వాక్యమేదో మనకు తెలుస్తున్నదా?