వట్టిపోయిన ఆవులో పొదుగువాపు నివారణ

బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడిన పిమ్మట రెంజల్ పరిసర గ్రామములలో చెరకు సొమ్ము మునుపటివలె ఆధారము కాదు. పాడి ఉన్న ఇంటికి నిలకడగా చేతికందునది పాల డబ్బు. అట్టి ఇంట ఆవు ఈనిన నాడే పొదుగులో ఒక భాగము రాయివలె గట్టిపడి, పాలకు బదులు విరిగిన నీరు వచ్చినచో ఆ ఈతకు పెద్ద నష్టమే. జబ్బు ఈనిన తరువాత వచ్చినదని రైతు తలచును. కాని దాని బీజము పెక్కుసార్లు ఆవు వట్టిపోయిన రోజులలోనే పడియుండును.

పాలు ఆపిన మొదటి రెండు వారములు, ఈనుటకు ముందు రెండు వారములు మిక్కిలి ప్రమాదకరమైనవి. రోజూ పితుకునప్పుడు లోపల చేరిన సూక్ష్మజీవులు కొంతవరకు పాలతో బయటకు పోవును. పితుకుట ఆపగానే ఆ మార్గము మూసికొనును. చన్ను రంధ్రమునకు మైనము వంటి బిరడా సహజముగా ఏర్పడును గాని, అన్ని చన్నులకు వెంటనే ఏర్పడదు. ఈ లోపల ఆవు పేడలో, బురదలో పండుకొనినచో వ్యాధి లోనికి ప్రవేశించును.

1960 దశకమున ఇంగ్లండులోని షిన్‌ఫీల్డ్ పాడి పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు దీనికి ఉపాయము చూపిరి. చివరిసారి పాలు పితికిన పిమ్మట క్లాక్సాసిలిన్ వంటి, నెమ్మదిగా కరుగు మందును చన్నులలోనికి ఎక్కించిరి. పాలతో కొట్టుకొనిపోదు గనుక మందు వారముల తరబడి నిలిచి పనిచేయును.

రైతులు ఈ క్రమమును పాటింపవలెను:

1. ఈనుటకు 60 రోజుల ముందు పాలు ఆపవలెను. అనగా చూడి కట్టిన తేదీ నుండి ఆవుకు సుమారు 220 రోజులకు, గేదెకు సుమారు 250 రోజులకు. వారము ముందే దాణా తగ్గించవలెను.

2. పాలు ఆపుటకు ముందు ఒక్కొక్క చన్ను పాలను విడిగా పశువైద్యునిచే పరీక్ష చేయించవలెను. పరీక్ష ద్రావకముతో కలిపిన పాలు జిగురు కట్టినచో లోపల వ్యాధి ఉన్నట్లే.

3. చివరి పాలు పూర్తిగా పితికి, చన్ను కొనను స్పిరిటు దూదితో శుభ్రముగా తుడిచిన పిమ్మటనే మందు ఎక్కించవలెను. మురికి చన్నులో గొట్టము పెట్టినచో సూక్ష్మజీవులను మనమే లోనికి నెట్టినట్లగును. ఒక చన్నుకు ఒక ట్యూబు. మిగిలినది మరొక దానికి వాడరాదు.

4. పిదప చన్నులను అయోడిన్ ద్రావణములో ముంచి, ఆవును పొడి నేలపై కట్టవలెను. మరల పితుకరాదు. రెండు వారములు పొదుగును రోజూ గమనించవలెను.

అయితే మందు మంచిదని ప్రతి ఆవుకు ఎక్కించుట తగదు. అవసరము లేని వాడకము వలన సూక్ష్మజీవులు మందుకు లొంగకుండ పోవును. ఈ కారణము చేతనే ఐరోపా సమాఖ్య 2022 జనవరి 28 నుండి ముందుజాగ్రత్త పేర అన్ని పశువులకు అలవాటుగా యాంటీబయాటిక్ ఇచ్చుటను నిషేధించినది. పరీక్షలో వ్యాధి కనబడిన ఆవుకు మందు. ఆరోగ్యముగా ఉన్న ఆవుకు పరిశుభ్రత, వైద్యుడు సూచించినచో చన్ను రంధ్రమును మూసియుంచు లేపనము చాలును.

మందు ఎక్కించిన తేదీని గోడపైనైన వ్రాసియుంచుడు. ట్యూబుపై చెప్పిన గడువు తీరకముందే ఆవు ఈనినచో పశువైద్యుని అడుగక పాలు కేంద్రమునకు పోయరాదు. మందు కలిసిన పాలు త్రాగువారికి హాని. తోడు పెట్టినను సరిగా పేరుకొనవు. వట్టి ఆవుకు ఉద్దేశించిన ట్యూబును పాలిచ్చు ఆవుకు ఎన్నడును వాడరాదు.

పాలివ్వని ఆవును పట్టించుకొనక దూరపు కొట్టములో కట్టివేయుట మన అలవాటు. రాబోవు ఈత పాలను కాపాడుకొనవలసినది ఆ రెండు నెలలలోనే.